పన్నెండు పొద్దులు

మార్చి నెల, మూడో అంతస్తు, ఫ్యాను తిరగని గది.
బోర్డు మీద రెండు సగటులు రాశాను:
బోరబండ నలభై ఏడు, రహమత్‌నగర్ అరవై ఒకటి.
నిమిషాలు.
ట్యాంకరు కోసం బిందె నేల మీద పెట్టినప్పటి నుంచి
దాని మెడ దాకా నీళ్లు ఎక్కేవరకు.

బోరబండ లెక్క ఎస్తేరుది.
వాళ్లమ్మ వరసలో పెట్టిన నీలం డ్రమ్ము మీద కూర్చుని
ఫోన్లో టైము చూసి రాసుకుంది, పన్నెండు పొద్దులు.
రహమత్‌నగర్ లెక్క తబస్సుమ్‌ది.
నోటుబుక్కు అంచులు తడిసి ఉబ్బాయి.
ఆరో తారీఖు అంకె అలుక్కుపోయి
అరవయ్యో ఎనభయ్యో తెలియక నానిని అడిగిందట.
"ఆ రోజు చాయ్ రెండుసార్లు మరిగింది,
ఎనభై రాసుకో" అందట నాని.

ఒకరిది మొదటి బెంచి, ఒకరిది కిటికీ పక్క.
అప్పటికింకా ఒకరి పేరు ఒకరికి సరిగా తెలీదు.
ఇంతకన్నా స్వతంత్ర ప్రతిరూపాలు ఎక్కడ దొరుకుతాయి?
ఆ మాట బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశాను.

పైన తేడా పద్నాలుగు,
కింద ప్రామాణిక దోషం ఏడూ ముప్పావు.
భాగిస్తే ఒకటీ పాయింటు ఎనిమిది.
పుస్తకం చివరి పట్టిక రెండుకు పైన అడుగుతోంది.
"శూన్య పరికల్పనను తోసిపుచ్చలేం" అన్నాను.
అంటే?
అంటే తేడా లేదని కాదమ్మా,
ఉందని చెప్పేంత సాక్ష్యం లేదని.
ఇరవై ఏళ్లుగా చెబుతున్న వాక్యం,
నాలుక దానంతటదే తిరుగుతుంది.

"మరి మా నానికి ఏం చెప్పాలె సార్?
నువ్వు నిలబడ్డది లెక్కకు ఆనలేదని చెప్పాలెనా?"

కుర్చీ కూడా కిర్రుమనలేదు.
ఎస్తేరే వెనక్కి తిరిగింది.
"ఆరో తారీఖు నీకు ఎనభయ్యా?
నాకూ ఆ రోజే ఎక్కువ, అరవై ఎనిమిది.
పదకొండుకు ఎంత?"
"నలభై."
"నాది ఇరవై తొమ్మిది. మీ బండి డ్రైవరెవరు?"
"జహంగీరన్న. ఒక్క చెవికే పోగుంటది."
"హే, మాకూ ఆయనే!"

ఒకే బండి. ఒకే పొద్దు.
ముందు బోరబండ, ఆ తర్వాత రహమత్‌నగర్.
టైరు పంచరైతే రెండు బస్తీల గొంతులూ ఎండుతాయి.
నేను గీసిన గీత ఇంకా తెల్లగా మెరుస్తోంది బోర్డు మీద.
ఎవర్నీ అడగకుండానే గీశాను.

చెరిపేశాం.
తారీఖు పక్కన తారీఖు పెట్టి,
ఇందులోంచి అది తీసేస్తూ పోయాం.
పదకొండు, పన్నెండు, ఇరవై రెండు, ఎనిమిది...
పన్నెండు తేడాల్లో ఒక్కటీ సున్నా కాదు,
ఒక్కటీ అటు నుంచి ఇటు తిరగబడలేదు.
ఇరవై రెండు స్వాతంత్ర్య స్థాయిలు పదకొండుకు పడ్డాయి.
ఉన్న స్వాతంత్ర్యంలో సగం పోయింది,
జవాబు మాత్రం ఎనిమిది దాటింది.

తబస్సుమ్ నవ్వలేదు. "నానికి చెప్త" అంది.
బెల్లు కొట్టాక మెట్ల మీద
ఇద్దరూ ఒకే నోటుబుక్కులోకి వంగి దిగుతున్నారు.
"మీ బస్తీ కంటే ముందు ఎక్కడికి పోతడే ఆయన?"
"ఏమో. మా దగ్గరికి వచ్చేసరికే సగం ఖాళీ ఉంటది."

మర్నాడు ఐదుంబావుకి
మోతీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ ముందు బండి ఆగింది.
రోజూ ఆగుతుంది, రోజూ నిద్రలో వింటాను.
ఇవాళ బాల్కనీలోకి వచ్చాను.
పైపు మా సంపులోకి దిగుతోంది.
డ్రైవరు బీడీ వెలిగించుకుంటుంటే
వీధిదీపం కింద చెవిపోగు ఒక్కటి తళుక్కుమంది.

మేం ఎదురుచూసిన నిమిషాలు సున్నా.
పన్నెండు పొద్దులూ సున్నా.
విచలనం కూడా సున్నా.

మూడో గడి గీయాలి ఇవాళ క్లాసులో.
దానికి పైన ఏం పేరు రాయాలో
వాచ్‌మన్ గేటు మూసేదాకా నిలబడి ఆలోచించాను.